చానల్ నంబరు మారితే రికార్డింగ్ ఏమవుతుంది?

టీవీ చరిత్ర అంటే ఏ చానల్ ఎవరు పెట్టారు, ఎవరికి అమ్మారు, ఏ సీరియల్ ఎన్నేళ్ళు నడిచింది అని రాస్తారు. ఇంట్లో ఆడవాళ్ళకి తెలిసిన టీవీ చరిత్ర కొంచెం వేరు. సీరియల్ వేళకి పొయ్యి మీద ఏముంది, పిల్లలకి పరీక్షలున్నాయా, చుట్టాలు దిగారా, కరెంటు ఉందా... ఇవన్నీ కుదిరితేనే మనం చూసినట్టు. చేతులు ఖాళీ లేని మనిషి కోసం వచ్చిన వస్తువు రికార్డింగ్ పెట్టె. "నువ్వు పని చూసుకో, నేను దాచిపెడతా" అన్నది అది మనకిచ్చిన మాట. చానళ్ళ వరస తలకిందులైనప్పుడల్లా ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకుందో ఈసారి చూద్దాం.

ఈ కథకి మా సారపాక, భద్రాచలం ప్రాంతం బాగా తగిన చోటు. మా దగ్గర చానళ్ళ నంబర్లే కాదు, ఊళ్ళ చిరునామాలే మారుతూ వచ్చాయి. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలని ఆంధ్రలో కలిపినప్పుడు, భద్రాచలం మండలంలో ఊరు మాత్రం తెలంగాణలో ఉండిపోయి చుట్టూ ఉన్న పల్లెలు అటు వెళ్ళాయి. గుడి దగ్గర్నుంచి కాస్త దూరం వెళ్తే ఎటపాక, అది ఆంధ్ర. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది, మాకు ఖమ్మం జిల్లా పోయింది. ఇన్ని మారినా మా ఇళ్ళు అంగుళం కదల్లేదు. మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చే ఉత్తరం మాత్రం, పై మీద ఏం రాశారన్న దాన్ని బట్టి, చేరేది లేదా తిరిగిపోయేది. చానల్ సంగతీ అంతే. అది ఉన్న చోటే ఉంటుంది. దాన్ని మన పెట్టె ఏ గుర్తుతో వెతుకుతోంది అన్నదే అసలు ప్రశ్న.

మొదట్లో ఈ బాధ లేదు. వెతకడానికి ఉన్నది ఒక్కటే కాబట్టి. మా అత్తమ్మ తరానికి భద్రాచలం కల్యాణం అంటే రేడియోలో ఉషశ్రీ గారి గొంతు. వినాల్సిన వేళకి వినాలి, తప్పితే మళ్ళీ ఏడాదికే. తర్వాత దూరదర్శన్ వచ్చింది. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 దాకా రామానంద్ సాగర్ 'రామాయణ్' ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి వచ్చేది. టీవీ ఉన్న ఇల్లు ఆ గంట ఊరందరిదీ. చాప పరవడం, మంచినీళ్ళు ఇవ్వడం, పిల్లల్ని సర్దడం ఆ ఇంటి ఇల్లాలి పని. ఊరంతా ఆ ఇంట్లో కూర్చుని చూస్తే ఆవిడ గుమ్మంలో నిలబడి సగం చూసేది. రికార్డింగ్ అనేది ఎవరికి అవసరమో అప్పుడే తెలిసిపోయింది కానీ మా వైపు ఆ వస్తువు ఎంతమంది దగ్గర ఉంది!

ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో వీసీఆర్. జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో వీహెచ్‌ఎస్ క్యాసెట్టు తెచ్చింది. దానికి టైమర్ ఉండేది. ఏ చానల్ మీట, ఎన్ని గంటలకి మొదలు, ఎన్నింటికి ఆపాలి అని మూడు ముక్కలు చెప్పాలి. అది గడియారం చూసుకుని లేచి, ఆ మీట మీద ఏది వస్తే అది టేపుకి ఎక్కించేది. కార్యక్రమం పేరు దానికి తెలియదు. కరెంటు పోయి వస్తే గడియారమే మర్చిపోయి పన్నెండు దగ్గర మినుకుమినుకుమంటూ కూర్చునేది. అడవి అంచు ఊళ్ళల్లో కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

చానళ్ళు ఎక్కువై వరస మారడం మొదలైతే ఏమవుతుందో ముందుగా రుచి చూసినది అమెరికా. 1990లో జెమ్‌స్టార్ అనే కంపెనీ అక్కడ 'వీసీఆర్ ప్లస్' అని ఒకటి తెచ్చింది. పత్రికలో ప్రతి కార్యక్రమం పక్కన ఒక అంకెల వరస వేసేవారు. ఆ అంకెలు నొక్కితే చాలు, తేదీ, టైము, చానల్ అన్నీ అందులోనే ఉండేవి. వినడానికి ఎంత సుఖం! కానీ కేబుల్‌లో ఒకే చానల్‌కి ఊరికో నంబరు. అందుకని ముందుగా ఇంట్లో ఒక పట్టీ నింపాలి: పత్రిక వాళ్ళ ఫలానా నంబరు అంటే మా ఇంట్లో ఫలానా నంబరు అని. కేబుల్ వాడు వరస మారిస్తే ఆ పట్టీ మళ్ళీ మొదట్నుంచి సరిచూడాలి. తర్వాత వచ్చిన తలనొప్పులన్నీ అప్పుడే మొదలయ్యాయి.

మన దగ్గర 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి, 2002లో మా టీవీ. కేబుల్ చట్టం కూడా 1995దే. ఆ రోజుల్లో చానళ్ళ వరస అంటే కేబుల్ అబ్బాయి ఇష్టం. మా వీధిలో ఎనిమిదో నంబరులో వచ్చే చానల్ మా ఆడపడుచు వాళ్ళ ఊళ్ళో ముప్ఫయ్యోది. గాలివాన వచ్చిన మర్నాడు వరస మారినా ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు. మనమే రిమోట్ నొక్కుకుంటూ వెతుక్కునేవాళ్ళం. మనిషి వెతుక్కుంటుంది. యంత్రం వెతుక్కోదు, దానికి గుర్తు చెప్పాలి.

ఆ గుర్తు చెప్పే పెట్టెలు 1999లో అమెరికాలో మొదలయ్యాయి. టీవో, రీప్లే టీవీ అని రెండు. టేపుకి బదులు కంప్యూటర్‌లో ఉండే హార్డ్ డిస్కు. టీవో పెట్టె టెలిఫోన్ లైను మీద తనే డయల్ చేసి రాబోయే రోజుల కార్యక్రమాల పట్టిక దించుకునేది. "ఈ సీరియల్ అన్ని భాగాలూ" అని ఒక్కసారి చెబితే చాలు. మన దేశంలో 2008లో టాటా స్కై ప్లస్ పేరుతో అలాంటిది డిష్ వాళ్ళకి వచ్చింది. తర్వాత మిగతా కంపెనీలూ తెచ్చాయి, పెన్‌డ్రైవ్ పెడితే రికార్డు చేసే చవక పెట్టెలూ వచ్చాయి. ఇప్పుడు డీవీఆర్ అంటే అందరూ సీసీ కెమెరాల పెట్టె అనుకుంటున్నారు కానీ, ఆ రోజుల్లో డీవీఆర్ అంటే సీరియల్ దాచే పెట్టే.

ఇక ఈ పెట్టె చానల్‌ని ఎలా గుర్తుపడుతుందో బస్టాండు లెక్కలో చెబుతాను. భద్రాచలం బస్టాండులో ఖమ్మం బస్సెక్కాలి. ఒకావిడ "నాలుగో ప్లాట్‌ఫాం, ఎనిమిది గంటలు" అని గుర్తుపెట్టుకుంది. ఇంకొకావిడ బోర్డు చదివి ఎక్కుతుంది. మూడో ఆవిడ బస్సు వెనకాల ఉన్న రిజిస్ట్రేషన్ నంబరు రాసుకుంది. మామూలు రోజున ముగ్గురూ ఖమ్మంలోనే దిగుతారు. ప్లాట్‌ఫాంలు మార్చిన రోజున మొదటావిడ మణుగూరు పోతుంది.

వీసీఆర్ మొదటావిడ. చవక పెట్టెల్లో చాలా వాటి టైమరూ అంతే. మంచి రికార్డింగ్ పెట్టె మూడో ఆవిడ. మన డిష్‌లూ డిజిటల్ కేబులూ వాడే పద్ధతి పేరు డీవీబీ, యూరప్‌లో తయారైంది. అందులో ప్రతి చానల్‌కీ మనకి కనపడని మూడు అంకెలు ఉంటాయి. ఏ నెట్‌వర్క్‌ది అని ఒకటి, కొన్ని చానళ్ళు కలిపి కట్టిన ఏ మూటలో వస్తోంది అని ఒకటి, ఆ మూటలో ఇది ఏది అని ఒకటి. రిమోట్ మీద మనం నొక్కే నంబరు వీటికి పైన అతికించిన చీటీ మాత్రమే. చీటీ మార్చి అతికించినా లోపలి అంకెలు అవే ఉంటే, వాటిని పట్టుకున్న పెట్టె చానల్‌ని పోగొట్టుకోదు. పొద్దున్న లేచేసరికి నూట పది కాస్తా పదకొండు వందలైనా సీరియల్ రికార్డయ్యే ఉంటుంది.

మరి రిజిస్ట్రేషన్ నంబరు రాసుకున్నావిడకి ఇబ్బందే లేదా? ఉంది. ఒక్కోసారి డిపో వాళ్ళు బస్సునే మార్చేస్తారు. కంపెనీ ఆ చానల్‌ని ఒక మూటలోంచి తీసి ఇంకో మూటలో వేస్తే లోపలి అంకె కూడా మారుతుంది. అప్పుడు పాత బుకింగ్, లేని బస్సు కోసం బస్టాండులో నిలబడుతుంది. కంపెనీ కొత్త పట్టికతో పాటు "పాతది ఇదే, కొత్తది ఇదే" అని జత కలిపి పంపితే సరే. పంపకపోతే మనం చెరిపి మళ్ళీ బుక్ చేసుకోవాల్సిందే.

బోర్డు చదివే ఆవిడ తెలివైనదని అనిపిస్తుంది కదూ? పేరు ఎక్కడికి పోతుంది? 2014లో ఏమైందో చూడండి. రాష్ట్రం రెండయ్యాక, హైదరాబాద్ దూరదర్శన్ తెలుగు చానల్‌కి అంతకుముందున్న సప్తగిరి పేరు తీసి యాదగిరి అని పెట్టారు. సప్తగిరి పేరు విజయవాడ చానల్‌కి వెళ్ళింది. అంటే బస్సు అదే, బోర్డు వేరే బస్సుకి తగిలించారు. పేరొక్కటే పట్టుకుని వెతికితే చేరేది విజయవాడ. 2017లో మా టీవీ 'స్టార్ మా' అయినప్పుడు ఇంకో రకం: బస్సు అదే, బోర్డు మీద రెండక్షరాలు ఎక్కువ. మనకి ఇట్టే తెలుస్తుంది. యంత్రానికి ఆ రెండక్షరాలతో అది వేరే చానల్.

పేరు, నంబరు ఉన్నా అసలు బస్సే రాకపోతే? 2014 జూన్ నుంచి కొంతకాలం తెలంగాణ కేబుల్‌లో రెండు తెలుగు వార్తా చానళ్ళు కనిపించలేదు. డిష్ ఉన్న ఇళ్ళల్లో వచ్చేవి. ఒకే గోడకి ఇటు అటు ఉన్న రెండు ఇళ్ళల్లో రెండు రకాల వరస.

మా వైపు పెద్ద మార్పు డిజిటల్ పెట్టెలతో వచ్చింది. 2011లో చట్టం మార్చి దేశమంతా కేబుల్‌ని నాలుగు దశల్లో డిజిటల్ చెయ్యమన్నారు. 2012లో మహానగరాలు, 2013లో హైదరాబాద్, విశాఖ లాంటి నగరాలు. మూడో దశ మున్సిపాలిటీలు, దానికి 2015 డిసెంబరు గడువు. కనక ఖమ్మం మూడో దశ. భద్రాచలం ఎంత పేరున్న ఊరైనా పంచాయతీయే కాబట్టి పల్లెలతో పాటు నాలుగో దశ. దాని గడువు 2017 మార్చి 31కి జరిగింది. కొత్త పెట్టె వచ్చిన ఇంటికల్లా కొత్త నంబర్లు. రెండంకెల చానల్ మూడంకెలైంది. మా అత్తమ్మ క్యాలెండర్ వెనక పెద్ద అక్షరాలతో నంబర్లు రాయించుకుని టీవీ పక్కన మేకుకి తగిలించింది. ఆ కాగితం మూడుసార్లు మారింది.

ఆ తర్వాత 2019 ఫిబ్రవరి 1. ఆ నెల మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ట్రాయ్ కొత్త ధరల పద్ధతి అమల్లోకి వచ్చింది. నూరు చానళ్ళ దాకా కనీస రుసుము 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు, డబ్బు చానళ్ళకి మళ్ళీ విడిగా. ఏవి కావాలో మనమే ఏరుకోవాలి. పెసల్లో రాళ్ళేరినట్టు ఇంటిల్లిపాదీ కూర్చుని ఏరాం. ఖర్చు తగ్గుతుందని మావారు హెచ్‌డీ చానళ్ళు తీసేసి మామూలువి ఉంచారు. వారం తర్వాత చూస్తే 'కార్తీకదీపం' ఒక్క భాగమూ రికార్డు కాలేదు. కారణం తర్వాత అర్థమైంది. మన కంటికి హెచ్‌డీ, మామూలుది ఒకే చానల్. పెట్టెకి అవి రెండు వేర్వేరు బస్సులు. బుకింగ్ హెచ్‌డీ మీద ఉంది. మనం దానికి టికెట్టు తీయడం మానేశాం. రెండోదాంట్లో అదే సీరియల్ వస్తున్నా అది తనంతట తాను దిగి ఇటు ఎక్కదు.

మా పక్కింటి వదినది పెన్‌డ్రైవ్ పెట్టె. ఆవిడ రాత్రి సీరియల్‌కి టైమర్ పెట్టి పెళ్ళికని కొత్తగూడెం వెళ్ళింది. ఆ రెండు రోజుల్లోనే వరస మారింది. వచ్చి చూస్తే అరగంట పాటు కూరగాయలు తరిగే యంత్రం అమ్మకం. "పోనీలే, అది కూడా విడతలు విడతలుగా వచ్చింది" అని నవ్వేసింది.

ఈ అల్లరికి కళ్ళెం వేసే నియమం ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. ట్రాయ్ 2017 నిబంధనల ప్రకారం ఒకే రకం చానళ్ళన్నీ పట్టికలో ఒక్క చోట, అందులోనూ ఒక భాషవి వరసగా ఉండాలి. ఒక చానల్ ఒక్క చోటే కనపడాలి. దానికి ఒక నంబరు ఇచ్చాక కనీసం ఏడాది పాటు మార్చకూడదు, ఆ చానల్ రాకుండా పోతేనో, తన రకమే మార్చుకుంటేనో తప్ప. ఇది మన క్యాలెండర్ వెనక కాగితానికి ఏడాది ఆయుష్షు ఇచ్చిన నియమం. నెలవారీ చందా లేని డీడీ ఫ్రీ డిష్ సంగతి వేరే. 2004 డిసెంబరులో మొదలైన ఆ పెట్టె అడవి పల్లెల్లో చాలా ఇళ్ళకి ఆధారం. అందులో ప్రైవేటు చానళ్ళకి చోటు వేలంలో ఇస్తారు, కనక వేలం అయినప్పుడల్లా కొన్ని పోతాయి, కొన్ని వస్తాయి. మళ్ళీ స్కాన్ చేసుకోవాలి.

ఇంత శ్రమ ఒక సీరియల్ కోసమా అని నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళకి శ్రీరామనవమి రోజు మా ఇల్లు చూపించాలి. గుడికి గోదావరి అడ్డం, వంతెన దాటితే రాముడు. అందుకే ఆ రోజు చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు. తెల్లవారకముందే లేచి పానకం కలిపి, వడపప్పు నానబెట్టి, ఇరవై మందికి వండాలి. వాళ్ళంతా మిథిలా స్టేడియంకి వెళ్తారు, తలంబ్రాలు తెస్తారు. రాముడికి అంత దగ్గరున్న నేను, మా అత్తమ్మ కల్యాణం చూసేది సాయంత్రం గిన్నెలు కడిగాక, రికార్డింగ్‌లో. మా ఇద్దరికీ నవమి రాత్రి తొమ్మిదింటికి వచ్చేది. 2020 ఏప్రిల్ 2న లాక్‌డౌన్‌లో జనం లేకుండా కల్యాణం జరిగిన రోజు మొదటిసారి ఇద్దరం జరుగుతున్నప్పుడే చూశాం.

2016 కల్యాణం మా పెట్టెలో చాలా ఏళ్ళు ఉంది. కెమెరా జనం మీదుగా తిరిగినప్పుడు మా మామయ్య కనిపిస్తారు, భుజాన తువ్వాలు, చేతిలో విసనకర్ర. నాలుగు క్షణాలు. ఆయన పోయాక అత్తమ్మ ఆ నాలుగు క్షణాల కోసం అంత రికార్డింగ్ పెట్టించుకునేది. తర్వాత పెట్టె మొరాయించడం మొదలుపెట్టింది. కంపెనీ మనిషి వచ్చి, కొత్తది ఇస్తాం, పాతది తీసుకెళ్తాం, అందులోవి ఇందులోకి రావు అన్నాడు. అతని తప్పు కాదు. ఈ డిస్కుల్లో బొమ్మని తాళం వేసి దాస్తారు, ఆ తాళం చెవి ఆ పెట్టెలోనే ఉంటుంది. డిస్కు తీసి కంప్యూటర్‌కి పెట్టినా ఏమీ కనపడదు. చాలా పెన్‌డ్రైవ్ పెట్టెలదీ అదే కథ. మర్నాడు పొద్దున రమ్మని పంపించి, ఆ రాత్రి మా అబ్బాయి టీవీ ముందు ఫోను నిలబెట్టి ఆ ముక్క తీశాడు. తెర మీద గీతలు పడ్డాయి, వెనకాల మా ఫ్యాన్ చప్పుడు కూడా ఉంది. అదే ఇప్పుడు అత్తమ్మ ఫోనులో ఉంది.

చానల్ వరస మారిందని తెలిసిన రోజున నేను చేసే పనులు చెబుతాను, మీకు పనికొస్తే సంతోషం. ముందు బుకింగ్‌ల జాబితా తెరిచి ఒక్కొక్కటి నొక్కి చూస్తాను, అది ఏ చానల్ చూపిస్తోందో. అనుమానం ఉంటే చెరిపి కొత్త పట్టికలోంచి మళ్ళీ పెడతాను. హెచ్‌డీ, మామూలుది రెండూ ఉంటే మనం డబ్బు కడుతున్న దానిమీదే బుకింగ్ ఉందా అని చూస్తాను. పెన్‌డ్రైవ్ పెట్టె అయితే స్కాన్ అయ్యాక టైమర్లన్నీ మళ్ళీ పెట్టాల్సిందే అనుకోవడం మేలు. మర్నాడు ఒక్క భాగమైనా వేసి చూస్తాను. ఇక మన మనుషులు కనిపించే రికార్డింగ్ ఏదైనా ఉంటే, పెట్టె బాగున్నప్పుడే ఫోనులోకి తీసి ఇద్దరు ముగ్గురికి పంపి ఉంచండి.

ఇప్పుడు పిల్లలు ఫోనులో పేరు కొట్టి చూసేస్తున్నారు, వాళ్ళకి చానల్ నంబరే అక్కర్లేదు. అక్కడా నిన్న ఉన్నది ఇవాళ తీసేస్తారు, హక్కులు అయిపోయాయంటారు. పెట్టె అయినా ఫోను అయినా దాచిపెడతానన్న మాట ఎవరిచ్చినా, తాళం ఎవరి దగ్గరుందో ఒకసారి చూసుకోవడం మంచిది. మీ ఇళ్ళల్లో పాత పెట్టెల్లో ఎవరెవరు ఉన్నారో ఈ ఆదివారం తీరిక చేసుకుని చూడండి.